సూర్యుడు ఫ్రేములోంచి జారిపోతుంటే: సోలార్ ఆటోగైడింగ్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

పొద్దున ఏడున్నరకు టైమ్‌లాప్స్ మొదలుపెట్టి కిందికి దిగాను. కాఫీ, టిఫిన్ అయ్యాక తొమ్మిదింటికి మళ్లీ మిద్దెక్కితే, నడిమధ్యలో పెట్టిన సూర్యుడి మచ్చల గుంపు ఒక మూలకు చేరి సగం తెగిపోయి ఉంది. గైడింగ్, అంటే కెమెరా బొమ్మ చూసి సూర్యుడు జారకుండా టెలిస్కోపును సాఫ్ట్‌వేరే దిద్దుతూ ఉండే పని, ఆన్‌లోనే ఉంది. గ్రాఫులో ఏ తప్పూ లేదు, రెండు గీతలూ సున్నా దగ్గరే బుద్ధిగా పాకుతున్నాయి. మరుసటి రోజూ అదే వరస. మూడు వారాల పాటు సాఫ్ట్‌వేర్‌లో కనిపించిన ప్రతి అంకెనూ మార్చి చూశాను. చివరికి తేలిందేమిటంటే, గైడ్ స్కోపును (గైడింగ్ కోసం పెద్ద టెలిస్కోపు పక్కన బిగించిన చిన్న టెలిస్కోపును) పట్టి ఉంచే ప్లాస్టిక్ మరలు ఎండెక్కేకొద్దీ మెత్తబడి ఆ చిన్న గొట్టం వంగుతోంది. గైడర్ తనకు కనిపించే సూర్యుణ్ణి కదలకుండానే పట్టుకుంది. పెద్ద టెలిస్కోపు మాత్రం వేరే చోటికి చూస్తోంది.

అప్పటి నుంచి సూర్యుడు జారుతున్నాడంటే నేను చేసే మొదటి పని గైడింగ్ ఆపేయడం. తప్పు మౌంటుదా (టెలిస్కోపును మోస్తూ ఆకాశంతో పాటు తిప్పే మోటారు పీఠానిదా), ధ్రువ దిశదా (ఆ పీఠం అక్షం ఉత్తర ధ్రువం వైపు గురి కుదరకపోవడమా), గాలిదా, గొట్టానిదా అన్నది తేలాకే సాఫ్ట్‌వేర్ తెరుస్తాను. ఈ మార్గదర్శి వరుస కూడా అదే. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల మిద్దెల మీద నుంచి సూర్యుణ్ణి తీసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను కాబట్టి, మన అక్షాంశంలో మాత్రమే ఎదురయ్యే తిప్పలు కొన్ని ఎక్కువగా కనిపిస్తాయి.

ముందు కళ్లు, కెమెరా

దీన్ని చదవకుండా దాటేయకండి. టెలిస్కోపు ముందు భాగంలో పూర్తి వ్యాసానికి సరిపడే సోలార్ ఫిల్టర్ ఉండాలి, గాలికి ఊడిపోకుండా టేపుతో బిగించాలి. ఫిల్మ్ వాడితే, కంటితో చూడటానికి పనికొచ్చేది ఆప్టికల్ డెన్సిటీ 5 రకం. అది వెలుతురులో లక్షో వంతునే లోపలికి వదులుతుంది. 3.8 రకం ఫొటోలకు మాత్రమే, దానితో కంటితో చూడకూడదు. ముందు ఫిల్టర్ బదులు వెనక వైపు పెట్టే గాజు పట్టకం, హెర్షెల్ వెడ్జ్, వాడేది వక్రీభవన (కటకాల) టెలిస్కోపులతోనే.

ఆటోగైడింగ్ చేసేవాళ్లు మరిచిపోయేది రెండో గొట్టాన్ని. గైడ్ స్కోపుకూ ముందు ఫిల్టర్ ఉండాలి. ఫైండర్‌ను (గురి చూసుకునే చిన్న దుర్బిణిని) తీసేయడమే మేలు, తీయలేకపోతే మూత పెట్టి ఆ మూతకు టేపు వేయండి. మిద్దె మీద పిల్లలుంటే, మనం ల్యాప్‌టాప్ వైపు తిరిగిన ఆ ఒక్క క్షణంలోనే వాళ్లు ఫైండర్‌లోకి తొంగి చూస్తారు.

అసలు గైడింగ్ దేనికి

రాత్రి నెబ్యులా తీసేటప్పుడు ఒక్కో ఫొటోకి నిమిషాల కొద్దీ ఎక్స్‌పోజర్ ఇస్తాం. ఆ సమయంలో నక్షత్రం ఒకటి రెండు ఆర్క్ సెకండ్లు (ఆర్క్ సెకండ్ అంటే డిగ్రీలో 3,600వ వంతు) కదిలినా గీత పడుతుంది, అందుకే ప్రతి కొన్ని సెకన్లకూ దిద్దుతూ ఉండాలి. సూర్యుడి సంగతి వేరు. ఒక్కో ఫ్రేము కొన్ని మిల్లీ సెకన్లే, వందల ఫ్రేముల వీడియో తీసి అందులో మంచివి ఏరి పేరుస్తాం. ఫ్రేముకు ఫ్రేముకు మధ్య వచ్చే చిన్న కదలికను పేర్చే సాఫ్ట్‌వేరే సరిచేస్తుంది.

అంటే పది సెకన్ల వీడియో ఒక్కటే తీసుకునేవాళ్లకు గైడింగ్ అక్కర్లేదు. గంటా రెండు గంటల టైమ్‌లాప్స్ తీస్తుంటే, సెన్సర్‌లో చిన్న భాగంలోనే ఒకే మచ్చల గుంపును పట్టుకోవాలంటే, బింబం మొత్తాన్ని ముక్కలుగా తీసి అతికించాలంటే అప్పుడు కావాలి. ఆ పనులకు కావలసింది నింపాదిగా పనిచేసే గైడర్. రాత్రి సెట్టింగులను పగలు అలాగే వాడితే గైడర్ గాలి వణుకును తరమడం మొదలుపెడుతుంది, ఉన్న బొమ్మ కాస్తా ఊగిపోతుంది. నా దగ్గరికి సాయం కోసం వచ్చినవాళ్లలో ఎక్కువమంది బాధ ఇదే.

మొదటి అడుగు: గైడింగ్ ఆపి పన్నెండు నిమిషాలు చూడటం

మౌంటును సూర్యుడి వేగంలో పెట్టి, గైడింగ్ ఆపి, ఏదైనా ఒక మచ్చను క్రాస్‌హెయిర్ మీదికి తెచ్చుకోండి. బింబం అంచైనా సరే. ఇక ఏ బటనూ ముట్టుకోకుండా, నిమిషానికొకసారి అది ఎన్ని పిక్సెళ్లు ఎటు జరిగిందో కాగితం మీద రాసుకోండి. పన్నెండు నిమిషాలని ఎందుకన్నానంటే, మన దగ్గర ఎక్కువగా కనిపించే మౌంట్లలో వార్మ్ గేర్ (మౌంటును తిప్పే మర లాంటి గేరు) ఒక చుట్టు తిరగడానికి ఈక్యూ6లో దాదాపు 8 నిమిషాలు, ఈక్యూ5లో 10 నిమిషాలు, హెచ్‌ఈక్యూ5లో 10 నిమిషాల 38 సెకన్లు పడుతుంది. ఒక చుట్టు పూర్తయితేనే గేరు గుణం బయటపడుతుంది.

పిక్సెళ్లను ఆర్క్ సెకండ్లలోకి మార్చుకోవడం తేలిక. పిక్సెల్ సైజును మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించి, ఫోకల్ లెంగ్త్ మిల్లీమీటర్లతో భాగించండి. 3.75 మైక్రాన్ల కెమెరా, 240 మిల్లీమీటర్ల గైడ్ స్కోపు అయితే పిక్సెల్‌కు 3.2 ఆర్క్ సెకండ్లు. లెక్కలు వద్దనుకుంటే, బింబం వ్యాసం ఎన్ని పిక్సెళ్లో కొలిచి 1,900ని దానితో భాగించినా చాలు. ఏది ఆర్‌ఏ (తూర్పు పడమర దిశ), ఏది డెక్ (ఉత్తర దక్షిణ దిశ) అన్నది తెలియకపోతే చేతి కంట్రోలర్‌లో ఒక్కో బటన్ నొక్కి బింబం ఎటు కదులుతుందో చూసి కాగితం మీద బాణాలు వేసుకోండి. ఈ బాణాల కాగితం తర్వాత చాలాసార్లు పనికొస్తుంది.

ఇప్పుడు ఆ అంకెలు ఏం చెబుతున్నాయో చూద్దాం. ఆర్‌ఏలో తూర్పు వైపుకు నిమిషానికి 2.5 ఆర్క్ సెకండ్ల చొప్పున ఒకే తీరుగా జారుతుంటే మౌంటు నక్షత్రాల వేగంలో తిరుగుతోంది. డెక్‌లో ఒకే వైపుకు జారుతుంటే ధ్రువ దిశ కుదరలేదు. ఆర్‌ఏలో ముందుకూ వెనక్కూ ఉయ్యాలలా ఊగుతుంటే అది వార్మ్ గేరు ఊపు, మామూలు మౌంట్లలో పది ఇరవై ఆర్క్ సెకండ్లు ఉంటుంది, గైడర్ దాన్ని సులభంగా సరిచేస్తుంది. ఉన్నట్టుండి గెంతితే కేబుల్ ఎక్కడో లాగుతోంది, లేదా క్లచ్ జారుతోంది. సెకనులోపే అటూ ఇటూ వణుకుతుంటే అది మన పైనున్న గాలి పొరల వణుకు, దాన్ని ఏ మౌంటూ దిద్దలేదు.

డ్రిఫ్ట్, అంటే ఈ జారుడు, ఏమీ లేకపోయినా గైడింగ్ పెట్టగానే పాడవుతుంటే, నేరుగా కాలిబ్రేషన్ (ఏ ఆదేశానికి బింబం ఎటు, ఎంత కదులుతుందో గైడర్ నేర్చుకోవడం) అన్న భాగం దగ్గరికి వెళ్లండి.

వేగం సంగతి

నక్షత్రాల కోసం మౌంటు సెకనుకు 15.04 ఆర్క్ సెకండ్లు తిరుగుతుంది. సూర్యుడికి సగటున 15 చాలు. ఈ చిన్న తేడానే గంటకు 148 ఆర్క్ సెకండ్లవుతుంది, అంటే బింబం వ్యాసంలో దాదాపు పదమూడో వంతు. గైడర్ ఇదీ దిద్దేస్తుంది కదా అనొచ్చు. దిద్దుతుంది, కానీ ఇరవై నిమిషాలు మేఘం కమ్మితే గైడర్‌కు ఏమీ కనబడదు, అది తొలగేసరికి సూర్యుడు 50 ఆర్క్ సెకండ్లు పక్కకు పోయి ఉంటాడు.

చేతి కంట్రోలర్‌లో సోలార్ అని పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండకండి. కొన్ని డ్రైవర్లు ల్యాప్‌టాప్‌తో కలపగానే, పార్క్ (విశ్రాంతి స్థితి) నుంచి లేపగానే వేగాన్ని మళ్లీ సిడీరియల్‌కు, అంటే నక్షత్రాల వేగానికి, మార్చేస్తాయి. అన్నీ కలిపిన తర్వాత, వీడియో మొదలుపెట్టే ముందు మరోసారి చూడండి.

మార్చి, సెప్టెంబరు నెలల్లో ఇంకో చిక్కుంది. విషువత్తుల దగ్గర సూర్యుడే డెక్‌లో రోజుకు 0.4 డిగ్రీలు జరుగుతాడు, నిమిషానికి దాదాపు ఒక ఆర్క్ సెకండ్ అన్నమాట. ఆ రోజుల్లో ధ్రువ దిశ ఎంత బాగా కుదిరినా డెక్‌లో ఆ ఒక్క ఆర్క్ సెకండ్ మిగిలే ఉంటుంది. దాన్ని సున్నా చేయాలని బోల్టులు తిప్పుతూ కూర్చోకండి. జూన్, డిసెంబరు చివర్లో ఈ బాధ ఉండదు.

ధ్రువ దిశ: మన ఊళ్లో అసలు కష్టం ఇక్కడే

తిరుపతి అక్షాంశం 13.6 డిగ్రీలు, చిత్తూరుది 13.2. ధ్రువ నక్షత్రం అంత కిందే ఉంటుంది. తిరుపతిలో ఉత్తరాన నిలబడింది శేషాచలం కొండలు. అలిపిరి వైపు మిద్దెల మీద నుంచి చూస్తే ధ్రువ నక్షత్రం ఉండాల్సిన చోట కొండే ఉంటుంది. ఊరికి దక్షిణంగా వెళ్లేకొద్దీ అది కొండ అంచు మీదుగా పొగమంచులో మినుకుమంటుంది. కాబట్టి రాత్రి పూట పోలార్ స్కోపులో (మౌంటు అక్షంలో ఉండే చిన్న దుర్బిణిలో) చూసి సరిచేసుకోమనే సలహా మనలో చాలామందికి పనికిరాదు. పనికొచ్చేచోట ఉంటే మాత్రం ఒక రాత్రి కూర్చుని సరిచేసి, ట్రైపాడ్ కాళ్లున్న చోట నేల మీద పెయింటుతో మూడు చుక్కలు పెట్టుకోండి. మా మిద్దె మీదా ఉన్నాయి. ఎండాకాలం మా అమ్మ సరిగ్గా ఆ మూడు చుక్కల మధ్యలోనే వడియాలు పెడుతుంది, అది వేరే తగాదా.

పగలు ఉత్తరం పట్టుకోవడానికి ఫోన్ దిక్సూచిని నమ్మకండి. స్లాబులోని కమ్మీలు, మౌంటులోని ఇనుము కలిసి దాన్ని పది డిగ్రీలైనా పక్కకు లాగగలవు. దారానికి బరువు కట్టి వేలాడదీసి, సూర్యుడు మధ్యాహ్న రేఖ దాటే క్షణంలో దాని నీడ మీద గీత గీస్తే అదే ఉత్తర దక్షిణాలు. ఆ క్షణం గడియారంలో పన్నెండు కాదు. మనం 79.4 డిగ్రీల తూర్పు రేఖాంశంలో ఉన్నాం, భారత కాలమానం 82.5 డిగ్రీలది, అందుకని సగటున 12 గంటల 12 నిమిషాలు. నవంబరు మొదట్లో 11:56కే వస్తుంది, ఫిబ్రవరి మధ్యలో 12:26 దాకా ఆగుతుంది.

ఏప్రిల్ చివరి వారంలో, ఆగస్టు మధ్యలో ఈ కిటుకు పనిచేయదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు, నీడే ఉండదు. అప్పుడు శంకువు పద్ధతి వాడండి. శంకుస్థాపన అనే మాటలో ఉన్న శంకువే. సమంగా ఉన్న నేల మీద నిట్టనిలువుగా ఒక పుల్ల నాటి, దాని చుట్టూ వృత్తం గీయాలి. పొద్దున నీడ కొస వృత్తం లోపలికి వచ్చేచోట ఒక చుక్క, సాయంత్రం బయటికి పోయేచోట ఒక చుక్క పెట్టి రెండింటినీ కలిపితే తూర్పు పడమరలు వస్తాయి. ఒక రోజు పట్టినా, నా అనుభవంలో ఫోన్ ఇచ్చిన ఏ అంకె కన్నా ఇదే బాగా కుదిరింది.

ఇక మౌంటు ఎత్తును మట్టం చూసే యాప్‌తో 13.6కు తెచ్చి, మిగిలిన తప్పును సూర్యుడి డ్రిఫ్ట్‌తోనే తీసేయాలి. డెక్ డ్రిఫ్ట్ ఒక్కటే చూడండి, ఆర్‌ఏని పట్టించుకోకండి.

సూర్యుడు మధ్యాహ్న రేఖ దగ్గర ఉన్నప్పుడు వచ్చే డెక్ డ్రిఫ్ట్ తూర్పు పడమరల తప్పును చెబుతుంది. సూర్యుడు దక్షిణానికి జారుతుంటే మౌంటు అక్షం తూర్పుకు ఎక్కువ తిరిగి ఉంది, ఉత్తరానికి జారుతుంటే పడమరకు. పొద్దున సూర్యుడు తూర్పున కింద ఉన్నప్పుడు చూస్తే ఎత్తు తప్పు బయటపడుతుంది: దక్షిణానికి జారితే అక్షం మరీ కిందికుంది, ఉత్తరానికి జారితే మరీ పైకుంది. సాయంత్రం పడమర వైపు చూస్తే ఇది తిరగబడుతుంది. ఒక డిగ్రీ తప్పుంటే నిమిషానికి దాదాపు 15 ఆర్క్ సెకండ్ల డ్రిఫ్ట్ వస్తుంది, కాబట్టి ఎంత తిప్పాలో లెక్క కట్టుకోవచ్చు. నిమిషానికి రెండు మూడు ఆర్క్ సెకండ్లకు దిగితే ఆపేయండి, మిగిలింది గైడర్ చూసుకుంటుంది.

మే నుంచి ఆగస్టు మొదటి వారాల దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. అయినా పై సూత్రం మారదు. కాకపోతే నడినెత్తి దగ్గర అడ్డం బోల్టు తిప్పినా బింబం దాదాపు అక్కడే ఉంటుంది, తిప్పింది పనిచేయలేదనిపిస్తుంది. పనిచేసింది. మళ్లీ ఐదు నిమిషాలు డ్రిఫ్ట్ చూస్తేగాని తెలియదు.

తక్కువ అక్షాంశం తెచ్చే ఇంకో తలనొప్పి బరువు కడ్డీది. అక్షం దాదాపు పడుకున్నట్టు ఉంటుంది కాబట్టి కడ్డీ కిందికి తిరిగినప్పుడు ఉత్తరం వైపు ట్రైపాడ్ కాలికి తగులుతుంది. తగిలి మోటారు మూలుగుతుంటే గ్రాఫులో ఆర్‌ఏ ఒక్కసారిగా గోడెక్కుతుంది, మనం సాఫ్ట్‌వేర్‌ను తిడతాం. ఒక కాలు దక్షిణానికీ రెండు కాళ్లు ఉత్తరానికీ వచ్చేలా ట్రైపాడ్‌ను తిప్పితే కడ్డీ ఆ రెండింటి మధ్యలోంచి పోతుంది, ఉత్తరానికి ఒరిగే బరువుకూ ఆసరా దొరుకుతుంది. దీనికి అజిమత్ పిన్ను (మౌంటును అడ్డంగా తిప్పే బోల్టులు ఒత్తే పిన్ను) ఎదురు వైపుకు మార్చాల్సి రావచ్చు. పిన్ను మారని ట్రైపాడ్‌కు మధ్యలో ఒక ఎత్తు గొట్టం వేసుకోవాలి.

ఏ కెమెరాతో గైడ్ చేయాలి

పీహెచ్‌డీ2 అనే గైడింగ్ సాఫ్ట్‌వేర్ మామూలు రూపం నక్షత్రం కోసం వెతుకుతుంది. దానికి సూర్యబింబం చూపిస్తే నక్షత్రం పోయిందని అరుస్తూ ఉంటుంది, అందులో దాని తప్పేమీ లేదు. సూర్యచంద్రుల బింబాన్ని వృత్తంగా గుర్తుపట్టేలా దానికే ప్రత్యేకంగా తయారుచేసిన రూపం వాడుకోవాలి. లేదా వీడియో తీసే సాఫ్ట్‌వేర్లయిన ఫైర్‌క్యాప్చర్‌లోని ఆటోగైడ్, షార్ప్‌క్యాప్‌లోని ఫీచర్ ట్రాకింగ్ వాడొచ్చు. ఈ రెండూ మీరు ఫొటో తీస్తున్న కెమెరా బొమ్మనే చూసి మౌంటుకు ఆదేశాలిస్తాయి.

నన్నడిగితే, మిద్దె మీద ఒక్క టెలిస్కోపుతో పనిచేసేవాళ్లకు ఈ రెండో దారే మంచిది. రెండో గొట్టమే లేనప్పుడు అది వంగడమన్న ప్రశ్నే రాదు. నా మూడు వారాల బాధ ఒక్క రోజులో తీరింది ఇలాగే. ష్మిట్ కాసెగ్రెయిన్ గొట్టాల్లో అద్దం జారే జబ్బుకూ ఇదే మందు. ముక్కలు అతికించే మొజాయిక్‌కూ, హెచ్ ఆల్ఫాలో (హైడ్రోజన్ ఎరుపు వెలుతురులో) ఎటలాన్‌ను (ఆ వెలుతురును ఏరే ఫిల్టర్‌ను) ట్యూన్ చేస్తూ వెలుతురు మారిపోయే సందర్భాలకూ మాత్రం బింబం మొత్తాన్ని చూసే వేరే గైడ్ స్కోపు ఉంటే సుఖం. దానికి ఇనుప రింగులు, ఇనుప మరలే వేయండి.

గైడ్ స్కోపు ఫోకల్ లెంగ్త్‌ను 108తో భాగిస్తే సెన్సర్ మీద పడే బింబం సైజు వస్తుంది. 240 మిల్లీమీటర్లకు 2.2 మిల్లీమీటర్ల బింబం. గైడింగ్‌కు ఎక్కువమంది వాడే చిన్న కెమెరాల సెన్సర్ 4.8 అడ్డం, 3.6 నిలువు మిల్లీమీటర్లుంటుంది, కాబట్టి చుట్టూ చోటు మిగులుతుంది. 400 మిల్లీమీటర్ల గొట్టం పెడితే బింబం పైనా కిందా తెగుతుంది, తెగిన వృత్తానికి కేంద్రం తప్పుగా వస్తుంది.

కెమెరాలో ఆటో ఎక్స్‌పోజర్, ఆటో గెయిన్ రెండూ ఆపండి. పలచటి మబ్బు రాగానే అవి వెలుతురు పెంచుతాయి, మబ్బు పోగానే బింబం తెల్లగా కాలి అంచు ఉబ్బుతుంది, గైడర్ ఆ ఉబ్బును కదలిక అనుకుంటుంది. హిస్టోగ్రామ్ అరవై డెబ్బై శాతం దగ్గర ఉండేలా చేత్తో పెట్టండి. బింబం మొత్తం వెలుతురుకు మధ్య బిందువు కనిపెట్టే పద్ధతి కన్నా అంచును వృత్తంగా పట్టే పద్ధతి నమ్మదగ్గది. మబ్బు సగం కమ్మితే వెలుతురు మధ్య బిందువు వెలుగున్న వైపుకు జరిగిపోతుంది, మౌంటు దాని వెంట పోతుంది. నాలుగు ముక్కల ఫొటోడయోడ్‌తో పనిచేసే విడి గైడర్ పెట్టెలకూ ఇదే బలహీనత.

కాలిబ్రేషన్

గైడింగ్ పెట్టగానే బింబం క్రాస్‌హెయిర్ నుంచి పరుగెత్తిందంటే ఏదో ఒక అక్షంలో దిశ తిరగబడింది. మొదటి అడుగులో వేసుకున్న బాణాల కాగితం తీయండి. ఆర్‌ఏలో పారిపోతోందా, డెక్‌లోనా చూసి, ఆ ఒక్కదాన్నే తిరగేయండి. డయాగనల్ అద్దం కలిపినా, కెమెరాను తిప్పినా, మౌంటు మధ్యాహ్న రేఖ దాటి తిరగబడినా కాలిబ్రేషన్ మళ్లీ చేయాలి. ఇవేమీ మారకపోతే సూర్యుడికి ఏడాది పొడవునా దాదాపు ఒకే కాలిబ్రేషన్ సరిపోతుంది, ఎందుకంటే సూర్యుడు డెక్‌లో 23.4 డిగ్రీలు దాటి పోడు.

కాలిబ్రేషన్ కుదరలేదని సాఫ్ట్‌వేర్ అంటుంటే సాధారణంగా పల్స్ (మౌంటును కదిలించే ఒక్కో ఆదేశం నిడివి) చిన్నదై ఉంటుంది. గైడ్ వేగం నక్షత్రాల వేగంలో 0.5 వంతు అయితే సెకనుకు 7.5 ఆర్క్ సెకండ్లు కదులుతుంది. అర సెకను పల్స్‌కు మన ఉదాహరణలోని గైడ్ స్కోపులో బింబం ఒక పిక్సెల్ జరుగుతుంది, గాలి వణుకే అంతకంటే ఎక్కువ. పల్స్‌ను రెండు సెకన్లకు పెంచండి. డెక్‌లో మాత్రమే కుదరకపోతే గేర్ల మధ్య ఖాళీ, అంటే బ్యాక్‌లాష్. ఉత్తరం బటన్ కాసేపు నొక్కి పట్టి ఆ ఖాళీ నింపి, అప్పుడు మొదలుపెట్టండి. బ్యాక్‌లాష్ మరీ ఎక్కువైతే డెక్ గైడింగ్‌ను డ్రిఫ్ట్‌కు ఎదురుగా ఒకే వైపుకు పరిమితం చేయండి.

అంకెలు: నిదానమే నయం

నేను వాడేవి ఇవి. దిద్దుబాటు ఐదు నుంచి పది సెకన్లకు ఒకసారి. అగ్రెసివ్‌నెస్, అంటే కనిపించిన తప్పులో ఒకేసారి దిద్దే భాగం, ముప్పై నుంచి యాభై శాతం. కనీస కదలిక రెండు ఆర్క్ సెకండ్లు, గాలి బాగా లేని రోజు మూడు నాలుగు. ఒక్క పల్స్ ఒక సెకను దాటకుండా కట్టడి. ఈ చివరిది ముఖ్యం. మబ్బు అంచునో, ఎగిరే కాకినో చూసి గైడర్ కంగారుపడినా నష్టం ఏడెనిమిది ఆర్క్ సెకండ్లతో ఆగిపోతుంది.

గ్రాఫు రంపపు పళ్లలా అటూ ఇటూ సమానంగా కొడుతుంటే అగ్రెసివ్‌నెస్ సగానికి తగ్గించండి. ఒక వైపుకే నెమ్మదిగా పాకుతూ వెనక్కి రాకపోతే కొంచెం పెంచండి. రెండింటినీ ఒకేసారి మార్చకండి, ఒకటి మార్చి పది నిమిషాలు ఆగాలి. ఈ ఓపిక లేకే నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను.

గాలి, ఎండ, కరెంటు

శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయల్దేరిన ఆదిత్య ఎల్1కు మన గాలి పొరతో పని లేదు. మిద్దె మీద ఉన్న మనకు అదే పెద్ద శత్రువు. కాంక్రీటు స్లాబు పది గంటలకల్లా పెనంలా వేడెక్కి ఆవిర్లు చిమ్ముతుంది. సూర్యుడు కాస్త పైకెక్కి, స్లాబు ఇంకా కాగకముందు ఉండే ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకానే నాకు మంచి వీడియోలు దొరికాయి. తడిపిన గోనె సంచులు ట్రైపాడ్ చుట్టూ పరిస్తే ఇంకో అరగంట కలిసొస్తుంది. మొదటిసారి పరిచినప్పుడు పక్కింటి పెద్దాయన పిట్టగోడ మీంచి తొంగి చూసి, "ఏం నాయనా, సూర్యుడికి కూడా వడదెబ్బ తగలకుండా చూస్తా ఉండావా?" అన్నారు.

నీటి పక్కన గాలి ఇంకా నిలకడగా ఉంటుంది. ఉదయపూర్ సౌర వేధశాలను ఫతే సాగర్ సరస్సు మధ్యలో కట్టింది ఇందుకే. మనకు రాయలచెరువు గట్టు లాంటివి ఉన్నాయి, గాలి నీటి మీదుగా మన వైపుకు వచ్చేలా చోటు చూసుకుంటే సరి.

ఏప్రిల్, మే నెలల్లో గైడింగ్ మధ్యలో తెగిపోతుంటే సాఫ్ట్‌వేర్‌ను తడిమే ముందు ల్యాప్‌టాప్‌ను తడిమి చూడండి. నలభై డిగ్రీల ఎండలో నల్లటి ల్యాప్‌టాప్ వేగం తగ్గించుకుంటుంది, ఫ్రేములు ఆలస్యమవుతాయి, గైడర్ పాత బొమ్మ చూసి దిద్దుతుంది. అట్టపెట్టెను పక్కకు పడుకోబెట్టి అందులో ల్యాప్‌టాప్ పెడితే నీడా వస్తుంది, తెరా కనబడుతుంది. యూఎస్‌బీ కేబుల్‌ను మౌంటు తలకు ఒకచోట కట్టేయండి, వేలాడే కేబుల్ ఆర్‌ఏ తిరిగేకొద్దీ లాగుతూ ఉంటుంది. మౌంటుకు సన్నటి, పొడవాటి పవర్ వైరు వేస్తే వోల్టేజీ పడిపోయి మోటారు అడుగులు తప్పుతుంది. మొదటి అడుగులో చెప్పిన గెంతులకు ఇదీ ఒక కారణమే.

కొండ దగ్గరి ఇళ్లవాళ్లకు కోతుల గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మెరిసే ఫిల్మ్ వాటికి బాగా నచ్చుతుంది. ఫిల్టర్ పెట్టిన టెలిస్కోపును వదిలి కాఫీకి దిగే అలవాటు నేను మానేసింది అందుకే. గైడింగ్ ఎంత బాగున్నా ఎవరో ఒకరు పక్కన ఉండాలి.

మధ్యాహ్న రేఖ దగ్గర ఆపేయడం

పన్నెండు దాటి సూర్యుడు మధ్యాహ్న రేఖను దాటాక మౌంటు తిరగబడాలి, తిరగబడితే డెక్ దిశ మారుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని తామే తిప్పుకుంటాయి, కొన్నింటికి చేత్తో చెప్పాలి. అప్పటికి గాలి ఎలాగూ పాడైపోయి ఉంటుంది కాబట్టి నేను పదకొండున్నరకే ఆపేస్తాను.

ఆపేటప్పుడు వరుస తప్పొద్దు. ముందు గైడింగ్, తర్వాత ట్రాకింగ్ ఆపాలి. ఆ తర్వాత గొట్టాన్ని సూర్యుడికి దూరంగా, ఉత్తరానికి కిందికి తిప్పాలి. కెమెరాలు విప్పాక, అన్నిటికన్నా చివరగా ఫిల్టర్లు తీసి, వెంటనే రెండు గొట్టాలకూ మూతలు పెట్టండి.